తోక వెంట్రుక

నాలుగున్నరకు ఫోను. చుక్కలూరు సుంకులమ్మ.
"ఓబులేసా, బర్రె నిన్న పొద్దుగూకినప్పటి నుంచీ అరుస్తాంది,
తీగెలు గూడా పడినాయి. వస్తావా, రావా?"
వస్తా అన్న.
బండిని అడగకుండానే అన్న.

పద్దెనిమిది కిక్కులు.
తాడిపత్రి చలి పెద్ద చలేం కాదు గానీ
నాకంటే ఒకేడు పెద్దదైన రాజ్‌దూత్‌కు
ముడుక్కోనీకి ఆ మాత్రం చాలు.
పందొమ్మిదోదానికి రాడ్డు ఎగిరి
మోకాలి కింద సంతకం పెట్టింది.
క్యాను మూత సందులో నత్రజని సన్నగా పొగలు కక్కుతాంది.
లోపల ముర్రా దున్నలు
గడ్డిపోచంత గొట్టాల్లో గడ్డకట్టి నిద్రపోతాండాయి.
వాటికేం తొందర లేదు.

పక్కీరప్ప షెడ్డు మూతపడి మూడేండ్లు.
ఆయప్ప గొంతు మాత్రం నా సామాన్ల సంచిలోనే ఉంది,
పది-పన్నెండు స్పానరు పక్కన:
"నూనె, నిప్పు, గాలి.
ముగ్గురిలో ఎవురు అలిగినారో కనుక్కోరా.
ఒక్కొక్కరినే అడుగు.
అందర్నీ ఒకేసారి కదిపితే
ఎవురూ నిజం చెప్పరు."

అడిగినా.
కార్బురేటర్ మీది గుండీ నొక్కితే
వేలికి పెట్రోలు చెమర్చింది. నూనె వస్తాంది.
ప్లగ్గు విప్పి సిలిండర్ తలకు ఆనించి కిక్కు కొడితే
చిటుక్కుమని నీలం. నిప్పుకు కోపం లేదు.
ఫిల్టర్ దులిపితే
నాపరాళ్ళ ఫ్యాక్టరీల పాలిష్ దుమ్ము అరచెయ్యంత రాలింది.
అయినా పలకలేదు.
మళ్ళీ ప్లగ్గు చూస్తి: ఎండిన నాలిక.
తొట్టి దాకా వచ్చిన నూనె
గొంతు దాకా రాలేదు.

తొట్టి విప్పితే
అడుగున తెల్లటి రాతి బురద,
దాంట్లో ఒక నీటి బొట్టు గోళీ మాదిరి దొర్లుతాంది.
జెట్టును వీధి దీపానికెత్తి కన్ను పెట్టినా.
ఆవగింజకు ముక్కు కుడితే ఎంత, అంత రంధ్రం.
అవతల ఏమీ లేదు, చీకటి.

"వైరుతో పొడవద్దురా,
రంధ్రం పెద్దదయితే బండి తాగుబోతయితాది.
బర్రె తోక వెంట్రుక పెట్టు.
గట్టిది, మర్యాద తెలిసింది."
బీడీకట్ట కాగితంలో ఒకే ఒకటి మిగిలింది.
తోసినా, తిప్పినా, ఊదినా.
సగానికి విరిగింది గానీ
దీపం అందులోంచి చుక్కంతయి
నా కంట్లోకి దిగింది.

నాలుగో కిక్కుకు పలికింది.
వీధి కుక్కలన్నీ లేచినాయి.

ఊరు దాటి రెండు మైళ్ళకు
దగ్గి, ఒకసారి గునిసి, ఆగిపాయె.
ఇప్పుడు ఎవుర్ని అడగాల?
ఏమీ తోచక ట్యాంకు మూత తిప్పినా.
హుస్సుమని
ఇంతసేపూ బిగబట్టిన ఊపిరి తీసుకుంది బండి.
మూతకుండే సన్న బెజ్జం
అదే రాతి దుమ్ముతో పూడిపోయింది.
పెట్రోలు పోయిన జాగాలోకి
గాలి రానీకి దోవ లేదు.
ఇది పక్కీరప్ప నాకు చెప్పలేదు.
చెప్పినాడేమో,
నేను టీ తేను పోయినప్పుడు.

మూత వదులు చేసుకొని,
తొడలకు పెట్రోలు చిలుకుతాంటే,
పోతిని.

అప్పటికి చుక్కలూరులో ఎండ పడింది.
బర్రె పడుకొని నెమరేస్తాంది.
చెయ్యి పెట్టి చూసినా. ఎద పోయింది.
సుంకులమ్మ తిట్టలేదు.
"ఇరవైయొక్క దినాలకు మళ్ళీ అరుస్తాదిలే.
అప్పుడన్నా నీ ముసిల్దాన్ని ముందు రోజే లేపు" అని
జొన్నరొట్టె, గుంటూరాకు తొక్కు పెట్టింది.

పోయే ముందు అడిగినా:
"అమ్మా, తోకలో రెండు వెంట్రుకలు పీక్కోనా?"
"దేనికి?"
చెప్పినా. కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది,
బర్రెను లేపి తానే కొమ్ములు పట్టుకుంది.

రెండు వచ్చినాయి.
మూడోదానికి ఒక్క తన్ను,
చోకు లేకుండా, మొదటి దెబ్బకే,
పొద్దున్నే బండి పెట్టిన సంతకం మీదనే.